లాగుడు బండి ముందు పలక

ఇంటి నుంచి, వెనక గది

మొండిఘటానికి మావయ్య ఆశీస్సులు. వాటితో పాటు ఒక చెక్కపెట్టె కూడా వస్తోంది, కాలి మీద పడేసుకోకు.

ఈ రాత చూసి కోడి గీకిందనుకునేవు. నేనే, ఎడమ చేత్తో. కుడిచెయ్యి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అలిగిన అల్లుడిలా ఒళ్ళో కూర్చుంది, ఎంత పిలిచినా పలకదు. ఫోన్ చేద్దామంటే పక్షవాతం దెబ్బకి నాలిక ఇంకా మెలికలు పోతోంది. మొన్న మీ అమ్మతో "బాగానే ఉన్నాను" అని చెప్పడానికి నేను పడుతున్న పాట్లు విని ఆవిడ అటువైపు ఏడుపు మొదలెట్టింది. రోజూ ఎడమ చేత్తో ఒక పేజీ రాయమన్నాడు డాక్టరు. మొదటిరోజు ఏం రాయాలో తోచక పేజీ నిండా మీ అత్తయ్య పేరే రాశాను. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం ముక్క రాయని మనిషి, ఇప్పుడు నా పేరు దిద్దుకుంటున్నాడు" అని ఒకటే నవ్వు. అందుకని రెండోరోజు నుంచి నీ మీద పడ్డాను.

పెట్టెలో ఉన్నది నా లాగుడు బండి. సైన్యంలో నేను వెల్డర్‌గా ఉన్న బండి గురించి నీకు చిన్నప్పుడు చెప్పి చెప్పి విసిగించాను కదా. ట్యాంకు బురదలో దిగబడిపోతే దాన్ని బయటికి లాగే బండి. ఇది దానికి పదహారో వంతు. రిటైరైన నాటి నుంచి ఒక్కొక్క ముక్కే చేసుకుంటూ వచ్చాను. రిమోట్ నొక్కితే నడుస్తుంది, తిరుగుతుంది, గిలకలా తిరిగే వించ్ లాగుడు తీగని చుట్టుకుంటుంది. రంగు ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్కటీ నా వల్ల కాదు. పోయిన వారం పెట్టె మూత తీసుకుని దాని ముందు కూర్చున్నాను. కుంచె పట్టుకుంటే కింద పడింది, వంగి తీస్తే మళ్ళీ పడింది. మూత వేసేశాను. నా పని అయిపోయిందే. పళ్ళ సెట్లు చేసే చెయ్యి నీది, సన్నపని నీకు తెలుసు. పూర్తి చెయ్యి, లేకపోతే ఆ బండిని మీ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు దాచుకునే డబ్బాగా వాడుకో. వెనక్కి మాత్రం పంపకు.

మీ మావయ్య

పళ్ళ ల్యాబ్ నుంచి, కిటికీ పక్క బల్ల

మావయ్యా,

నమస్కారం చివర్న పెడతాను, ముందు కాస్త తిట్టనీ. డబ్బాగా వాడుకోమంటావా దీన్ని? నోరెలా వచ్చింది నీకు?

పెట్టె ల్యాబ్‌కే వచ్చింది. మధ్యాహ్నం అందరం తినే వేళ మూత తీశాను. ఇక తిన్నవాళ్ళు లేరు. మైనం పని చేసే అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చింది, ముట్టుకోవడానికి. పట్టాల గొలుసులో ఒక్కో లింకూ విడిగా చేసి, మధ్యలో పిన్ను గుచ్చావా మావయ్యా? బండి పక్కన బిగించిన పనిముట్ల పెట్టె తెరిస్తే లోపల గోరంత స్పానర్. అది బండి బోల్టుకి సరిపోతుందేమోనని సరదాగా పెట్టి చూశాను, సరిపోయింది! తిప్పితే బోల్టు తిరిగింది! డ్రైవర్ సీటు కుట్టు చూడగానే అత్తయ్య చెయ్యి అని తెలిసిపోయింది. ఎవరూ చూడని చోట, మూత వేస్తే కనపడని చోట, అంత కుట్టు కుట్టించావంటే నిన్ను మెచ్చుకోవాలో, అత్తయ్య మీద జాలిపడాలో తెలియలేదు.

తర్వాత బ్యాటరీ పెట్టి నడిపాం. మా పెద్దాయన ఉన్నాడే, కృత్రిమ దంతాల్లో తలపండినవాడు, నవ్వడం ఎవరూ చూడనివాడు, ఆయన చక్రాలున్న తన ఆఫీసు కుర్చీలో కూర్చుని "ఏదీ, నన్ను లాగమను" అన్నాడు. బండిని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, ముందువైపు బుల్డోజరుకి ఉన్నట్టుండే వెడల్పాటి పారని గడపకి ఆనించి దించాను. వెనక నుంచి తీగ వదిలి కుర్చీకి కట్టాం. వించ్ నొక్కాను. తీగ బిగుసుకుంది, మోటారు గొంతు మారింది, బండి రవ్వంత వణికింది గానీ పార గడపని వదల్లేదు. పెద్దాయన కుర్చీతో సహా నెమ్మదిగా, మహారాజులా, గది ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చాడు. అందరం చప్పట్లు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఇది చేసినాయన్ని ఒకసారి చూడాలి" అన్నాడు. మా మావయ్యే అని చెప్పేటప్పుడు నా మెడ ఎంత పొడుగు సాగిందో నువ్వు చూడలేదు.

రంగు నేను వేస్తాను. కానీ ఒక షరతు. నేను అడుగుతూ ఉంటాను, నువ్వు చెబుతూ ఉండాలి. నీ పని అయిపోయిందని రాసిన ముక్క నేను చదవలేదు. నీ కోడి అక్కడ కాలు జారినట్టుంది. నాకు కావలసింది బండి మీద రంగు ఒక్కటే కాదు మావయ్యా, నువ్వు మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. మనసులో పెట్టుకోవడం నాకు రాదు, చెప్పేశాను.

ఇప్పుడు నమస్కారం.

నీ మొండిఘటం

ఇంటి నుంచి, వెనక గది

మొండీ,

చిన్న బండి చేత పెద్దమనిషిని లాగిస్తావా? తీగ తెగితే మీ పెద్దాయన పళ్ళు మీరే కట్టుకోవాల్సి వచ్చేది. అయినా పారని గడపకి ఆనించాలని నీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు కదూ. ఆ తెలివి మీ అమ్మ వైపుది, అంటే నా వైపుది. అసలు బండితో మేమూ అంతే చేసేవాళ్ళం. పార నేలలోకి దిగేవరకు వించ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు మా డ్రైవరు. లావుపాటి మనిషి, లోపలికి దిగాలంటే ఊపిరి బిగబట్టాలి. "ముందు మనం పాతుకుంటేనే ఇంకొకణ్ణి లాగగలం" అనేవాడు. అది బండి గురించే చెప్పేవాడులే, వేదాంతం ఏం కాదు.

రంగు సంగతి. ఆకుపచ్చ అంటారు గానీ ఆ పచ్చ ఎండకి ఎండి, డీజిల్ తాగి, దుమ్ము తిని ఇంకోలా అయిపోతుంది. పచ్చ తక్కువ, బూడిద ఎక్కువ. ఎక్కి దిగే చోట బూటు రాపిడికి రంగు పోయి కింది ఇనుము మెరవాలి. ఎక్కడ పడితే అక్కడ గీకకు. మనిషి ఎక్కడ కాలు పెడతాడో ఆలోచించి అక్కడే గీకు. బురద పట్టాల దగ్గర తడిగా, పైకి పోయేకొద్దీ ఎండిపోయి ఉండాలి. రంగు వేసే ముందు సబ్బునీళ్ళతో ఒకసారి కడుగు, నా వేలిజిడ్డు ఉంటే రంగు పట్టదు.

ఇదంతా రాయడానికి ఒక పేజీ కాదు, ఐదు పేజీలు పట్టింది. డాక్టరు చూసి సంతోషించాడు. నేను వైద్యం కోసం రాయడం లేదని ఆయనకి చెప్పలేదు.

మావయ్య

పళ్ళ ల్యాబ్ నుంచి, కిటికీ పక్క బల్ల

మావయ్యా,

శుభవార్త! రంగు కుదిరింది. మా దగ్గర పళ్ళ రంగు పోల్చుకోవడానికి పలకలు ఉంటాయి కదా, ఒక్కో పన్నూ ఒక్కో తెలుపు. అలాగే నేను పచ్చలకి ఒక వరస చేసుకున్నాను. ప్లాస్టిక్ ముక్కల మీద పూసి, నువ్వు అప్పుడెప్పుడో పంపిన పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. ఎండలో ఒకటి కుదిరితే లైటు కింద ఇంకోటి కుదిరింది. చివరికి పొగతాగే మనిషి పంటికి వేసే గోధుమరంగు చుక్క ఒకటి కలిపితే సరిగ్గా అతికినట్టు వచ్చింది. నవ్వకు. నీ బండి పచ్చలో ఎవరో ముసలాయన పన్ను కలిసి ఉంది.

ఇంకోటి. నువ్వు కడగమన్నావు, నేను అంతకంటే మంచి పని చేశాను. బ్యాటరీ మార్చడానికి ఊడదీస్తామే బండి ముందువైపు పలక, దాని ఎడమ మూల మీద వేలు పెట్టగానే గరుకు తగిలింది. పుట్టీ ఎగుడుదిగుడుగా, ముద్దలు ముద్దలుగా గట్టిపడిపోయి ఉంది. ఒంట్లో బాగాలేని రోజుల్లో, చెయ్యి వణుకుతున్నప్పుడు చేసిన చోటు అయ్యుంటుందని నాకు అర్థమైంది. నువ్వేం బాధపడకు. ముందు గరుకు చక్రం, తర్వాత మెరుగుపొడి, తర్వాత గుడ్డ చక్రం. ఇప్పుడు ఆ పలక చూస్తే మొహం చూసుకోవచ్చు. ఎవరి నోట్లో పెట్టినా నాలిక్కి గుచ్చుకోదు!

మెచ్చుకుంటూ ఉత్తరం రాయి.

నీ మొండిఘటం

ఇంటి నుంచి

ఉత్తరం అందింది. రంగు బాగా కుదిరినందుకు సంతోషం. బండి నీకిచ్చేశాను కాబట్టి నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో.

మావయ్య

అమ్మాయ్, ఈ కింది నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను, అత్తయ్యని. అంటించేముందు రాసి పడేస్తున్నాను, ఆయనకి తెలీదు. నువ్వు నున్నగా చేసింది పాడైపోయిన చోటు కాదే. అది వెల్డింగు. నిజం బండికి అక్కడ అతుకు ఉండేదట. అచ్చం అలాగే రావాలని పుట్టీని దారంలా సాగదీసి, భూతద్దం పెట్టుకుని, తడి సూదితో ఒక్కో నొక్కూ నొక్కాడు. రెండు చలికాలాలు పట్టింది. అప్పుడు చెయ్యి నిక్షేపంగా ఉంది. ఆ వంకరలు కావాలని పెట్టినవి. నీ ఉత్తరం చదివి వెనక గది తలుపు వేసేశాడు. నిన్ను ఏమీ అనొద్దన్నాడు. నేను ఊరుకోలేక చెబుతున్నాను.

పళ్ళ ల్యాబ్ నుంచి

మావయ్యా,

అత్తయ్య చెప్పింది. ఆవిణ్ణి ఏమీ అనకు.

నేను చేసిన పనికి నన్ను తిట్టు. తిట్టకుండా "నీ ఇష్టం" అన్నావే, అది చదివి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పిచ్చివాడి చేతిలో రాయి అంటారు, నా చేతిలో పాలిష్ చక్రం. అంతకంటే సిగ్గుగా ఉన్నదేమిటంటే, నీ చెయ్యి వణికి ఉంటుందని రాశాను. నీ జీవితంలో నువ్వు చేసిన అతి సన్నటి పని చూసి, జబ్బుమనిషి పని అనుకున్నాను. నా కళ్ళు ఎందుకు?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటి నుంచి మళ్ళీ అతుకు వెయ్యాలని కూర్చుంటున్నాను. నాకూ గరుకు చెయ్యడం వచ్చు. కట్టుడు పళ్ళకి చిగుళ్ళు చేసేటప్పుడు నున్నగా వదిలేస్తే బొమ్మ నోరులా ఉంటుంది, అందుకని నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు పెడతాం. ఆ పనిముట్టే వాడి, పుట్టీ దారం సాగదీసి, వరసగా నొక్కుకుంటూ వెళ్ళాను. ఇప్పటికి ఎన్నిసార్లు వేసి తీసేశానో. ఈ ఉత్తరంతో పెట్టిన ఫొటోలో ఉన్నదే వాటన్నిట్లోకీ మంచిది. ఎలా ఉందో చెప్పు. చెత్తగా ఉందంటే చెత్తగా ఉందనే చెప్పు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ మొండిఘటం

ఇంటి నుంచి, వెనక గది

మొండీ,

చెత్తగా ఉంది.

నీ పనితనం గురించి కాదు. పనితనం చూస్తే కళ్ళు చెదిరాయి. ఒక్కో నొక్కూ ఇంకోదానికి కవల. నేను కుడిచెయ్యి బతికున్న రోజుల్లో కూడా అంత వరసగా నొక్కలేను, ఒప్పుకుంటున్నాను. కానీ అది వెల్డింగు కాదే, ముత్యాల దండ. లేకపోతే పళ్ళ వరస. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, మంచి వెలుతురులో, టీ తాగుతూ వేసినట్టుంది. అసలు అతుకు అలా పుట్టలేదు.

ఆ కథ నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఒక వాగులో ట్యాంకు దిగబడింది. దిగబడినదాన్ని లాగబోయి మేమూ సగం దిగాం. తీగని ముందు కొక్కేనికి తగిలించి వెనక్కి నడుపుతూ లాగుతుంటే మా బండికే ఆ కొక్కెం దగ్గర, ముందు పలక ఎడమ మూల, ఫట్‌మని చీలింది. ఇంకో లాగు లాగితే కొక్కెం పలకతో సహా ఊడొస్తుంది. వాన ఆగడం లేదు, వాగు నీళ్ళు పెరుగుతున్నాయి. ట్యాంకులో మనుషులు లేరు గానీ, దాన్ని అక్కడ వదిలేసి రావడమంటే మాకు చచ్చినంత పని. మా లావుపాటి డ్రైవరు టార్పాలిన్ ఎత్తి పట్టుకున్నాడు, నేను దాని కింద బురదలో దూరాను. పక్కకి తిరిగి పడుకుంటే తప్ప చీలిక అందదు. పడుకుంటే కుడిచెయ్యి నా ఒంటి కిందే ఇరుక్కుపోయింది. ఇక ఉన్నది ఎడమచెయ్యే. దాంతోనే వేశాను. వెల్డింగు రాడ్ ఒకచోట అంటుకుపోయేది, ఒకచోట జారిపోయేది, మధ్యలో నీళ్ళు పడి చిటపటలాడేది. ఒకచోట ఇంత ముద్ద, ఒకచోట సన్నటి తోక.

అంత అందవికారమైన అతుకు నా సర్వీసులో ఇంకోటి లేదు. ట్యాంకు బయటికి వచ్చింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ బండి ఎన్నిటినో లాగింది. బాగుచేసి కొత్తగా వేస్తామని ఎన్నిసార్లన్నా మా డ్రైవరు ఒప్పుకోలేదు. చివరికి పాత ఇనుము కింద బండిని కోసేటప్పుడు ఆ మూల దగ్గర కట్టర్ పట్టుకున్నవాడు నానా తిట్లూ తిట్టాడట, ఎంతకీ తెగట్లేదని. ఆ తిట్లు నాకొచ్చిన పతకాలన్నిటి కంటే ఎక్కువ.

బొమ్మ మీద దాన్ని దింపడానికి కుడిచేత్తో ఎన్ని తంటాలు పడ్డానో. తిన్నగా వెళ్ళే చేతిని వంకరగా నడిపించడం కంటే కష్టం లేదు. అయినా ఎంత బాగా వచ్చినా ఎక్కడో నటిస్తున్నట్టే ఉండేది. పోనీలే. నున్నగానే వదిలెయ్, రంగు వేసెయ్. కోపం పోయింది.

మావయ్య

పళ్ళ ల్యాబ్ నుంచి, కిటికీ పక్క బల్ల

మావయ్యా,

నీ ఉత్తరం పెద్దాయనకి చదివి వినిపించాను. "ముద్దా తోకా" దగ్గర ఆయన కూడా నోరు తెరిచాడు.

నున్నగా వదిలెయ్యను. అతుకు లేకుండా ఆ బండి నిజం కాదు. అలాగని నేనూ వెయ్యలేను. ఎంత వంకరగా వేద్దామన్నా నా చెయ్యి వరసలోకే వచ్చి పడుతోంది, అలవాటైపోయిన చెయ్యి. ఆ అతుకు ఎడమ చేత్తో వేశానని నువ్వే రాశావు. ఆ ఎడమచెయ్యి ఎక్కడికీ పోలేదు కదా. కోడి అంటూనే నాకు ఇన్ని పేజీలు రాసింది.

వెనక్కి పంపొద్దన్నావు. బండిని పంపడం లేదు, పలక ఒక్కటే పంపుతున్నాను. నా ముత్యాలన్నీ గీకేశాను. రెండు రకాల పుట్టీ, నొక్కడానికి లావుపాటి పిడి వేసిన సూది పెట్టాను. పిడి మా మైనంతో నీ గుప్పిటకి తగ్గట్టు చేశాను. పోయినసారి నువ్వు నా చెయ్యి పట్టుకున్నప్పటి కొలత గుర్తుంది.

అత్తయ్యని పలక పట్టుకోమను.

నీ మొండిఘటం

ఇంటి నుంచి, వెనక గది

మేనకోడలికి,

ముందు జరిగింది చెబుతాను, తర్వాత అడగాల్సింది అడుగుతాను.

పలక వచ్చిన రోజు దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు మీ అత్తయ్య కుట్టుమిషను బల్ల మీద గుడ్డ పరిచి, పలకని బిగించి పెట్టి, "నేను పట్టుకోను, నాకు పని ఉంది" అని వెళ్ళిపోయింది. మొదటి దారం తెగింది. రెండోది బొటనవేలికి అంటుకుంది. మూడోది పలకకి తప్ప అన్నిటికీ అంటుకుంది. సూది విసిరికొట్టాను, ఎడమ చేత్తో విసిరితే అది కూడా దగ్గర్లోనే పడింది. అలా చాలా రోజులు గడిచాయి. మీ అత్తయ్యతో పోట్లాడాను, నీతో మనసులో పోట్లాడాను.

నిన్న పొద్దున ఒక వేలెడు మేర పడింది. ఒకచోట ముద్ద, దాని పక్కన జారిన తోక, మళ్ళీ ముద్ద. భూతద్దం పెట్టుకుని చూశాను. నాకు టార్పాలిన్ మీద వాన చప్పుడు వినిపించింది. రెండు చలికాలాలు కుడిచేత్తో కుస్తీపట్టినా రానిది, ఏ నటనా లేకుండా, అలా పడి ఉంది. అది నా అతుకే. కాసేపు నాకు మతిపోయింది.

ఆ తర్వాతే అనుమానం వచ్చింది. ఇంత చక్కగా కుదిరిందంటే ఎవరో కుదిర్చారేమోనని.

నీకొకటి చెప్పాలి. జబ్బు చేసినప్పటి నుంచి అందరూ నాకు పని కల్పిస్తున్నారు. ఒకడు రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటాడు. మీ అత్తయ్య గుప్పెళ్ళ కొద్దీ గుండీలు తెచ్చి, "కుట్టుపనికి కావాలి, రంగుల వారీగా వేరు చేసి పెట్టండి" అంది. నేను నిజమేననుకుని, ఒక పూట కూర్చుని వేరు చేశాను. నీళ్ళ కోసం లేచి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ వాటన్నిటినీ మళ్ళీ ఒక డబ్బాలో పోసి కలుపుతోంది, రేపటికి నాకు పని ఉండాలని. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ప్రేమే, కాదనను. కానీ ఆ రోజు నాకు చచ్చిపోవాలనిపించింది.

కాబట్టి నిజం చెప్పు. ఆ పలక నువ్వు కావాలనే నున్నగా చేశావా? మావయ్య చేత మళ్ళీ పని చేయించడానికి వేసిన ఎత్తా? నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాలని నీ మొదటి ఉత్తరంలోనే రాశావు. నువ్వు తెలివైనదానివి, అంత తెలివి నీకుంది. అదే అయితే తిట్టను. పలకని ఉన్నదున్నట్టు సగంలో తిప్పి పంపేస్తాను, అంతే. నాకు అక్కర్లేని పని నేను చెయ్యలేను.

మావయ్య

పళ్ళ ల్యాబ్ నుంచి

మావయ్యా,

నన్ను అంత మంచిదాన్ని అనుకున్నావా? నాకు కోపం వచ్చింది, నిజంగా.

నీ రెండు చలికాలాల పనిని, అది పని అని తెలిసి, జాలితో చక్రానికి పెట్టగలనా? తెలిస్తే ఆ పలకని గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకునేదాన్ని. అంత సన్నటి పనిని చెరపడానికి తెలివి చాలదు, తెలివితక్కువతనం కావాలి. అది నాకు నిండుగా ఉంది. మా పనిలో మొదటిరోజు నేర్పేది ఒక్కటే: బొటనవేలితో తడుము, గరుకు తగిలితే చక్రానికి పెట్టు, లేకపోతే రేపు ఎవరి నోరో పుండవుతుంది. ఇన్నేళ్ళుగా చేసి చేసి, వేలికి గరుకు తగలగానే నా చెయ్యి దానంతటదే చక్రం వైపు పోతుంది. మధ్యలో బుర్ర అడ్డురాదు.

నమ్మకపోతే ఇంకోటి చెబుతాను. చెప్పకూడదనుకున్నాను, నువ్వు గుండె ఆగి పడిపోతావేమోనని. ఆ రోజు ముందు పలకతో ఆగలేదు నేను. వెనక తలుపు లోపలివైపు సొట్టలు ఉన్నాయి కదా, వాటిని పుట్టీతో నింపేసి సమంగా చేసేశాను. కుడివైపు మడ్‌గార్డ్ అంచు కాస్త వంగి ఉంటే పట్టుకారుతో తిన్నగా లాగేశాను. అత్తయ్య ఉత్తరం వచ్చాక వాటిని చూసి నా ప్రాణం పోయింది. ఆ సొట్టలు కూడా సొట్టలు కావని అప్పుడు అర్థమైంది. ఈ ఉత్తరాలన్నిట్లో నేను దాచింది అదొక్కటే. ఎత్తు వేసేదాన్నయితే పలకతో పోయేది కదా, తలుపు జోలికి ఎందుకు వెళ్ళేదాన్ని?

నీకు పని కల్పించలేదు మావయ్యా. నీ పని నేను పాడుచేశాను. బాగుచెయ్యడం నాకు రాదు, ఇక్కడ ఎవరికీ రాదు. నువ్వు చెయ్యకపోతే అది అలాగే ఉండిపోతుంది.

నీ మొండిఘటం

ఇంటి నుంచి, వెనక గది

ఒసే దద్దమ్మా!

తలుపు కూడానా! మడ్‌గార్డ్ కూడానా! నీ ఉత్తరం చదువుతూ నేను చేసిన చప్పుడికి మీ అత్తయ్య మిషను మీద నుంచి పరిగెత్తుకొచ్చింది, నాకు మళ్ళీ ఏదో అయిందని. నవ్వుతున్నానే. ఈ వంకర మూతితో నవ్వితే భయంకరంగా ఉంటుందట. నవ్వాగక మళ్ళీ చదివాను, మళ్ళీ నవ్వాను.

ఆ సొట్టలు సొట్టలు కావే మహాతల్లీ. లోపల ఇరుక్కుపోయిన మా డ్రైవరు బయటికి రావడానికి లోపలి నుంచి తలుపుని తన్నిన తన్నులవి! ఒక్కో తన్నునీ లోపలివైపు నుంచే గుండుసూది తలతో కొట్టి లేపాను. ఆ మడ్‌గార్డ్ వంపు వెనక ఒక గోడ కథ ఉంది, ఆ గోడ ఎవరిదో తెలిస్తే ఇంకా నవ్వుతావు. అవన్నీ నువ్వు ఇస్త్రీ చేసేశావు. కావాలని చెయ్యాలంటే ఎవరి వల్లా కాదు ఇంత ఘనకార్యం. నువ్వు నిజంగానే ఇంత తెలివితక్కువదానివని తెలిసి నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. నీ ఉత్తరం వచ్చేదాకా నీ మీద అనుమానంతో అన్నం సయించలేదు, అది చదివిన పూట రెండుసార్లు వడ్డించుకున్నాను.

పలక పంపుతున్నాను. పూర్తయింది. ఎలా ఉందని నిన్ను అడగను, నీకు వెల్డింగుకీ పళ్ళకీ తేడా తెలీదు. దాని మీద బొటనవేలు పెట్టకు. చూడు, అంతే. చూసి రంగు వెయ్యి, నీ రంగుకి మాత్రం నా దగ్గర వంక లేదు. ఎవరి పన్ను కలిపావో గానీ పలకతో పాటు నువ్వు పంపిన ఆ పచ్చముక్కని నేను కిటికీలో పెట్టుకున్నాను, అటు వెళ్ళినప్పుడల్లా చూసుకుంటున్నాను.

తలుపూ మడ్‌గార్డూ ఊడదీసి రేపే పోస్టులో వెయ్యి. ఇంకేమైనా నున్నగా చేసి ఉంటే అవీ పంపు, ఈసారి దాచకు. వెనక గది సర్దించాను, పుట్టీ తెప్పించాను, సూదిమొన నూరుకున్నాను. త్వరగా పంపవే, చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

మీ మావయ్య